నొప్పి తేదీ అడగండి
(వార్షిక సభలో సొసైటీ వైద్య విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏడూ ఈ సభలో వైద్య విభాగం వంతు వచ్చేసరికి ఎంతమందికి కళ్లజోళ్లు ఇచ్చాం, ఎంతమందికి ఆపరేషన్ చేయించాం అని లెక్క చదువుతాం. ఈసారి ఆ కాయితం సెక్రటరీ గారి చేతికి ఇచ్చేశాం, సంచికలో మరో పేజీలో చూడండి. ఈ పదిహేను నిమిషాల్లో మేము చేసిన ఒక సాయం గురించి చెప్పాలి. అది సరైన సాయం కాదు. డబ్బు మీది కాబట్టి ఆ మాట మీ ముందే చెప్పాలి.

ఆరేళ్ల కిందట ఒక చెల్లెలు మన ఆఫీసుకు వచ్చింది. వయసు 31, ముగ్గురు పిల్లలు, భర్త ఆటో నడుపుతాడు. నెలనెలా కడుపులో మెలిపెట్టే నొప్పి. ఊళ్లో డాక్టరు గర్భసంచి తీసేయాలన్నారు. మన ఫారం నింపించాం. ఆధార్ చూశాం, రేషన్ కార్డు చూశాం, మసీదు కమిటీ ఉత్తరం చూశాం. చెక్కు ఇచ్చాం. ఆపరేషన్ అయింది. ఆ ఏడాది లెక్కలో ఆమె కూడా ఒక అంకె.

నాలుగేళ్ల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. నొప్పి అలాగే ఉంది. ఈసారి మా డాక్టర్లు కూర్చోబెట్టి అడిగారు. నెలసరి వచ్చిన రోజుల్లో విరేచనానికి వెళ్లాలంటే ప్రాణం పోయినట్టుండేదని, పెళ్లికి ముందు నుంచీ అంతేనని చెప్పింది. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, ఎవరూ అడగలేదంది. స్కాన్ చేయిస్తే ఎడమ కిడ్నీ నీటితో ఉబ్బి, దాని గోడ పల్చబడి ఉంది. కిడ్నీ పనితీరు చూసే మరో పరీక్ష చేయిస్తే, అది దాదాపు ఏ పనీ చేయడం లేదని తేలింది. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే సన్నని గొట్టాన్ని, దాని పక్కన పెద్ద పేగును ఒక గట్టి ముద్ద పట్టేసి ఉంది. ఆ ముద్ద పేరు ఎండోమెట్రియోసిస్. మనం డబ్బిచ్చి తీయించిన గర్భసంచిలో కాదు, దాని బయట ఉంది. ఆ ఆపరేషన్ నాడు కూడా అక్కడే ఉండి ఉంటుంది.

ఆ తర్వాత సరైన చోట ఆపరేషన్ జరిగింది. నొప్పి తగ్గింది. కిడ్నీ మాత్రం తిరిగి రాలేదు. ఆమె ఇప్పుడు రెండో కిడ్నీతో బతుకుతోంది. ఆమె అనుమతితోనే ఈ సంగతి చెబుతున్నాం. "నా పేరు వద్దు, నా మాట చెప్పండి" అంది.

అసలు ఈ జబ్బేమిటో ముందు చూద్దాం. గర్భసంచి లోపల ఒక పొర ఉంటుంది. నెలనెలా పెరిగి, గర్భం రాకపోతే ఊడి రక్తంతో బయటికి పోతుంది. అలాంటి పొరే గర్భసంచి బయట, ఉండకూడని చోట పెరిగితే దాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. ఒంట్లోని హార్మోన్ల మాట అదీ వింటుంది. నెలసరి సమయంలో అదీ ఉబ్బుతుంది, రక్తం కారుస్తుంది. కానీ ఆ రక్తానికి బయటికి దారి లేదు. చుట్టూ వాపు వస్తుంది, మచ్చ కడుతుంది, పక్కనున్న అవయవాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ప్రపంచంలో పిల్లలు కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో దాదాపు 10 శాతం మందికి, అంటే సుమారు 19 కోట్ల మందికి ఈ జబ్బు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇది క్యాన్సర్ కాదు, అంటుజబ్బు కాదు. ఎవరి నడవడికకూ దీనికీ సంబంధం లేదు.

ఎలా వస్తుందన్న ప్రశ్నకు 1920లలో అమెరికాలో జాన్ శాంప్సన్ అనే డాక్టరు ఒక జవాబు చెప్పారు. నెలసరి రక్తం కొంత వెనక్కి, గొట్టాల గుండా కడుపులోకి పోతుందని, అందులోని కణాలు అక్కడ నాటుకుంటాయని. అయితే రక్తం అలా వెనక్కి పోవడం చాలామంది ఆడవాళ్లలో జరిగేదే. వాళ్లందరికీ జబ్బు రాదు. కాబట్టి ఆ జవాబు ఒక్కటే సరిపోదు. రక్తం ద్వారా, లింఫ్ నాళాల ద్వారా దూరంగా పోవడం, ఆపరేషన్ కోతలో కణాలు ఉండిపోవడం కూడా కారణాలని వైద్యులు చెబుతారు.

ఎక్కువగా ఇది అండాశయాల మీద, గర్భసంచి చుట్టూ వస్తుంది. మన చెల్లెలికి వచ్చినట్టు గర్భసంచికీ అండాశయాలకూ సంబంధం లేని అవయవాల్లోనూ వస్తుంది. పెద్ద పేగు చివరి భాగంలో, మూత్రాశయంలో, మూత్రనాళంలో, బొడ్డులో, సిజేరియన్ కుట్ల మచ్చలో, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం అనే కండర పొరలో, అరుదుగా ఊపిరితిత్తి దగ్గర. చిక్కు ఇక్కడే. పేగు నొప్పి అయితే గ్యాస్ డాక్టరు దగ్గరికి పోతాం. మూత్రంలో మంట అయితే ఇన్ఫెక్షన్ అని మాత్రలు మింగుతాం. ఛాతీలో నొప్పి అయితే టీబీ అనుకుంటాం. ఎవరి గదిలో వారు తమ అవయవం చూసి పంపిస్తారు. వాటన్నిటినీ కలిపేది ఒక్క తేదీ. ఆ తేదీ అడిగేవారు ఉండరు.

తేదీ ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇంకో అక్క సంగతి. వయసు 36. రెండేళ్లలో మూడుసార్లు కుడి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఆయాసంతో ఆసుపత్రిలో చేరింది. రెండుసార్లు ఛాతీకి గొట్టం వేశారు. కఫంలో టీబీ క్రిమి కనబడకపోయినా ఆరు నెలలు టీబీ మందులు వాడించారు. మా వైద్య శిబిరానికి వచ్చినప్పుడు మా లేడీ డాక్టరు అడిగారు, "ఆసుపత్రిలో చేరిన రోజుల్లో నెలసరి ఉందా?" అని. ఆమెకు గుర్తు లేదు. ఇంట్లో గోడ క్యాలెండరు మాత్రం ఉంది. మన ఇళ్లలో ఆడవాళ్లు నమాజు ఆపిన రోజు, గుస్ల్ చేసి మళ్లీ మొదలుపెట్టిన రోజు గుర్తు పెట్టుకుంటారు. రమజాన్‌లో వదిలిన రోజాలు తర్వాత తీర్చాలి కాబట్టి ఆ లెక్క మరీ జాగ్రత్తగా ఉంటుంది. కొడుకుకు ఫోన్ చేసి పాత క్యాలెండర్ల ఫొటోలు తెప్పించింది. డిశ్చార్జి కాయితాల పక్కన పెట్టి చూశాం. మూడు సార్లూ నెలసరి మొదలైన రెండో రోజో, మూడో రోజో.

నెలసరి మొదలయ్యే సమయానికి అటూ ఇటూ 72 గంటల్లో ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం, అదీ చాలావరకు కుడివైపే కావడం, డాక్టర్లకు బాగా తెలిసిన గుర్తు. కుడి భుజం పైన నెలసరి రోజుల్లో నొప్పి రావడం డయాఫ్రం మీద జబ్బుకు గుర్తు కావచ్చు. రెండేళ్లు దొరకని జవాబు ఆమె వంటింటి గోడకు వేలాడుతూనే ఉంది.

కాబట్టి రోగ నిర్ధారణలో మొదటి పరీక్షకు ఖర్చు లేదు. నొప్పి ఎప్పుడు వస్తుంది? నెలసరికి ముందు మొదలై ఆ రోజుల్లో పెరుగుతోందా? విరేచనానికి వెళ్లినప్పుడు, మూత్రం పోసినప్పుడు, భర్తతో కలిసినప్పుడు నొప్పి ఉందా? నెలసరి రోజుల్లోనే మలంలోనో మూత్రంలోనో రక్తం పడుతోందా? ఇవి అడగడానికి సిగ్గు, చెప్పడానికి అంతకంటే సిగ్గు. అందుకే మా శిబిరాల్లో ఈ ప్రశ్నలు లేడీ డాక్టరో నర్సో విడిగా అడగాలని నిర్ణయించాం. ఒక సంగతి గుర్తుంచుకోవాలి. జబ్బు ముదిరితే నొప్పి నెలంతా ఉండొచ్చు. గర్భసంచి తీసేశాక తేదీ చెప్పే నెలసరే ఉండదు. మన చెల్లెలి విషయంలో జరిగింది అదే. ఆపరేషన్‌తో జబ్బు పోలేదు, దాని జాడ పోయింది.

ఆ తర్వాతిది స్కాన్. మామూలు స్కాన్‌లో ఏమీ లేదని వస్తే ఏమీ లేదని కాదు. ఈ జబ్బు తెలిసినవారు, లోపలి నుంచి చేసే స్కాన్‌లో పేగు మీది ముద్దను కూడా చూడగలరు. పెళ్లికాని ఆడపిల్లలకు ఆ స్కాన్ చేయరు. వాళ్లకు ఎమ్మారై ఉంది. ఆ కారణం చెప్పి అమ్మాయికి పరీక్షే మానేయడం తప్పు. ఈ జబ్బు లోతుగా ఉందని అనుమానం వచ్చిన ప్రతి ఒక్కరికీ రెండు కిడ్నీలూ స్కాన్‌లో చూడాలి. మూత్రనాళం మూసుకుపోతున్నా చాలామందికి నడుము దగ్గర నొప్పే ఉండదు. కిడ్నీ చప్పుడు లేకుండా చచ్చిపోతుంది. ఈ ఒక్క మాట మీరు ఇంటికి తీసుకెళ్లినా మేము ఇక్కడికి వచ్చిన పని అయినట్టే.

పేగు లోపలికి కెమెరా వేసి చూసినా చాలాసార్లు అంతా బాగానే కనిపిస్తుంది. ఎందుకంటే ఈ జబ్బు పేగు బయటి గోడ నుంచి లోపలికి తొలుస్తుంది, లోపలి పొర వరకు రావడం తక్కువ. సీఏ 125 అనే రక్తపరీక్షతో ఈ జబ్బును తేల్చలేం, ఉందనీ అనలేం, లేదనీ అనలేం. ఒకప్పుడు కడుపులో కెమెరా వేసి చూస్తే తప్ప నిర్ధారణ కాదనేవారు. 2022లో యూరప్ సంతాన వైద్య నిపుణుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు ఆ మాట మార్చాయి. స్కాన్‌లో ఏమీ కనబడనప్పుడు, మందులు పనిచేయనప్పుడు లేదా వాడే వీలు లేనప్పుడే ఆ దారి అన్నాయి. ఎక్కడ ఆపరేషన్ చేసినా తీసిన ముక్కను మాత్రం బయాప్సీకి పంపాలి. టీబీయా, క్యాన్సరా, ఇదా అన్న అనుమానం అక్కడ తీరుతుంది.

ఇక వైద్యం. అందరికీ కత్తి అక్కర్లేదు. నొప్పి ఉండి, పేగు గాని మూత్రనాళం గాని మూసుకుపోకుండా ఉంటే హార్మోన్ మాత్రలతో చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. ఆ మాత్రలు వాడుతున్నంత కాలం సాధారణంగా గర్భం రాదు, మానేస్తే నొప్పి మళ్లీ రావచ్చు. కట్టిన మచ్చను అవి కరిగించలేవు. అందుకే మూత్రనాళం మూసుకుపోయినా, పేగు దారి ఇరుకైనా, మందులతో నొప్పి లొంగకపోయినా ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు.

ఆ ఆపరేషన్ ఏ అవయవానికి ఆ అవయవం వేరు. పేగు మీద జబ్బు పైపైన ఉంటే గీకినట్టు తీసేస్తారు. కొంచెం లోతుగా, చిన్నగా ఉంటే ఆ మేరకు గుండ్రంగా కోసి కుట్టేస్తారు. పెద్దదై పేగును ముడిచేస్తే ఆ ముక్క తీసి రెండు కొసలూ కలుపుతారు. మూత్రాశయం అయితే జబ్బున్న గోడ మేరకు తీసి కుడతారు. మూత్రనాళం చుట్టూ ఉంటే నాళాన్ని విడిపిస్తారు. నాళమే పాడైతే ఆ ముక్క తీసి మూత్రాశయానికి కొత్తగా అతికిస్తారు, మానేవరకు లోపల సన్నని స్టెంట్ ఉంచుతారు. డయాఫ్రం మీదివి కాలేయం వెనక దాక్కుంటాయి. వాటిని వెతికి తీయడానికి ఛాతీ సర్జన్ కూడా పక్కన ఉండాలి. మన 36 ఏళ్ల అక్కకు అలాగే ఛాతీలో కెమెరా వేసి, డయాఫ్రం మీది చిల్లులున్న భాగం తీసి కుట్టారు. ఆ తర్వాత హార్మోన్ మందు కొనసాగుతోంది, ఈ జబ్బు తిరిగి వచ్చే గుణం ఉన్నది కాబట్టి.

ఈ ఆపరేషన్లలో అపాయాలూ ఉన్నాయి. దాతలకు అవి దాచిపెట్టి డబ్బు అడగడం మాకు ఇష్టం లేదు. పేగు కలిపిన చోట కారవచ్చు. దాన్ని కాపాడటానికి కొన్నాళ్లు పొట్ట మీద సంచి పెట్టాల్సి రావచ్చు. నరాలు దెబ్బతింటే కొన్నాళ్లు మూత్రం సరిగా పోకపోవచ్చు. అందుకే గైనకాలజిస్టు, పేగు సర్జన్, మూత్ర వ్యాధుల సర్జన్ కలిసి పనిచేసే చోట, వీలైనంతవరకు ఒకే ఆపరేషన్‌లో తీయడం మేలు. సగం తీసి కుట్టేసిన ప్రతిసారీ లోపల అతుకులు పెరిగి, తర్వాతి ఆపరేషన్ ఇంకా కష్టమవుతుంది.

మరి గర్భసంచి తీసేస్తే పోదా అని చాలామంది అడుగుతారు. గర్భసంచిలో వేరే జబ్బుంటే దాన్ని తీయాల్సి రావచ్చు. పేగు మీది ముద్దను, మూత్రనాళం మీది ముద్దను అక్కడే వదిలేసి గర్భసంచి ఒక్కటి తీస్తే ఆ ముద్ద పోదు. ఈ మాట మన రాష్ట్రాల్లో మరీ గట్టిగా చెప్పాలి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. ఇంత తేలిగ్గా తీసేసే చోట, తీసే ముందు ఒక ప్రశ్న ఎక్కువ అడగడం మన బాధ్యత.

అన్నీ ఇంత పెద్ద ఆపరేషన్లే అనుకోకండి. సిజేరియన్ మచ్చ పక్కన ఒక గడ్డ, నెలసరి వచ్చినప్పుడల్లా ఉబ్బి నొప్పి పెడుతుంది. కుట్టు దారం మిగిలిందనో, హెర్నియా అనో ఏళ్ల తరబడి తిరుగుతారు. అది కూడా ఇదే జబ్బు కావచ్చు. చుట్టూ కొంచెం మంచి కండ కలిపి శుభ్రంగా తీసేస్తే చాలామందికి అక్కడితో అయిపోతుంది. లోటు పెద్దదైతే వల వేసి కుడతారు. ఇది అరుదైన సంగతే. కానీ 2019–21 సర్వేలో కాన్పుల్లో సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. అన్ని కోతలున్న చోట అరుదైనది కూడా మన గడపలోకి వస్తుంది. గత ఏడాది మా శిబిరాల్లోనే ఇద్దరు కనబడ్డారు.

ఇప్పుడు మీ ముందు మూడు మాటలు పెడుతున్నాం.

మొదటిది, ఆపరేషన్ కంటే ముందు పరీక్షకు డబ్బివ్వండి. ఇన్నాళ్లూ మనం ఆపరేషన్ కాయితం తెస్తేనే చెక్కు రాశాం. దాత పేరుతో "ఒక ఆపరేషన్" అని చదవడం బాగుంటుంది, "ఒక ఎమ్మారై" అని చదవడం అంత గొప్పగా వినిపించదు. కానీ ఆ చెల్లెలి కిడ్నీ ఆరేళ్ల కిందట ఒక మంచి స్కాన్‌తో దక్కి ఉండేదేమో. ఇకనుంచి గర్భసంచి తీయించే దరఖాస్తు వస్తే మన ఖర్చుతో రెండో డాక్టరు అభిప్రాయం, కిడ్నీలతో సహా స్కాన్ అయ్యాకే చెక్కు ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాం. ఇది ఏ ఖాతా నుంచి పోవాలి, జకాత్ నుంచా, సదఖా నుంచా అన్నది ఉలమాలను అడిగి కమిటీ తేలుస్తుంది.

రెండోది, ఆపరేషన్‌కు ఇచ్చేటప్పుడు మొత్తం దారికి ఇవ్వండి. ఆసుపత్రి బిల్లు కట్టి చేతులు దులుపుకుంటే, పట్నంలో తోడున్న తల్లి తిండి, బస్సు చార్జీ, పొట్ట మీది సంచులు, ఆ తర్వాత నెలనెలా మాత్రలు, మళ్లీ చూపించుకోవడం ఇవన్నీ ఆ ఆటో డ్రైవరు మీద పడతాయి. నలుగురికి సగం సాయం చేసే బదులు ఇద్దరికి పూర్తిగా చేద్దాం. లెక్కలో అంకె తగ్గుతుంది. తగ్గనివ్వండి.

మూడోది డబ్బుతో పని లేనిది. ఇక్కడున్న తండ్రులకు, అన్నలకు, భర్తలకు చెబుతున్నాం. రమజాన్‌లో ఇంట్లో ఆడపిల్ల రోజా లేని రోజు, మగవాళ్లు చూడకుండా వంటింట్లో మూల కూర్చుని అన్నం తింటుంది. ఆ సిగ్గే నొప్పిని కూడా దాచడం నేర్పుతుంది. నెలకు రెండు రోజులు కాలేజీ మానేసే పిల్లను బద్ధకం అనకండి. పిల్లలు కలగని కోడలిని మాటలు అనే ముందు, ఈ జబ్బు వల్ల కూడా పిల్లలు కలగడం ఆలస్యం కావచ్చని తెలుసుకోండి. "పెళ్లయితే పోతుంది, కాన్పయితే పోతుంది" అన్నది వైద్యం కాదు.

సభ అయ్యాక మా దరఖాస్తు ఫారం కొత్త నమూనా గుమ్మం దగ్గర బల్ల మీద ఉంటుంది. ఆధార్, రేషన్ కార్డు అడిగిన చోటే కింద ఒక గడి చేర్చాం. "నొప్పి ఏ తేదీల్లో వస్తోంది?" అన్నది ఆ గడి. అది మొదట చూపించింది ఆ చెల్లెలికే. చదివి, "నాకప్పుడు ఇది ఉంటే బాగుండేది" అంది. ఇకముందు వచ్చే చెల్లెళ్ల చేత ఆ మాట అనిపించకుండా చూసే బాధ్యత మన అందరిదీ.